గోడకి అటూ ఇటూ

ఇంగ్లీషు రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ద వాల్’ నా చేతికి మొదటిసారి వచ్చింది ఒక సి-90 క్యాసెట్‌గా, దానికి తోడు ఒక రూళ్ల నోట్‌బుక్‌గా. క్యాసెట్ మీద బ్యాండ్ పేరు లేదు. లేబుల్ నిండా బాల్‌పెన్నుతో ఇటుకలు గీసి ఉన్నాయి, అంతే. నోట్‌బుక్‌లో మాత్రం ఆల్బమ్‌లోని పాటల సాహిత్యమంతా ఉంది, పాటకో పేజీ చొప్పున, కొట్టివేతల్లేని చేతిరాతలో. రెండూ మా హాస్టల్ రూమ్మేట్‌వి. నాకంటే సీనియర్. పాటల విషయంలో అతని మాటకి ఎదురుండేది కాదు కాబట్టి హాస్టలంతా అతన్ని గురువు అనేది. నేను ‘గురూ’ అనేవాణ్ణి. అతను నన్ను ‘ఒరేయ్’ అని తప్ప పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

ఇది 1990ల మధ్యలో సంగతి. తెలిసినవాళ్లింట్లో ఎల్పీ రికార్డులు కనబడితే గురువు ఒక పూటంతా అక్కడే కూర్చుని క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాడట. రికార్డు తిరుగుతున్నంతసేపూ లోపలి కవర్ల మీద అచ్చయిన లిరిక్స్ నోట్‌బుక్‌లోకి దించుకున్నాడు. అంత ఓపిక ఎందుకో అప్పట్లో నాకు అంతుపట్టలేదు. ఇంగ్లీషు పాటంటే నాకు ట్యూను, గిటారు, డ్రమ్ములు. మాటలు పట్టించుకునే అలవాటే లేదు. “మాటలు చదువుతూ వినకపోతే ఇది విన్నట్టే కాదురా” అని వాక్‌మన్ హెడ్‌ఫోన్ నా నెత్తిన పెట్టి, నోట్‌బుక్ ఒళ్లో పడేసి, పక్కన కూర్చునేవాడు. తనకి పాట వినబడక్కర్లేదు. పేజీలో నా వేలు ఏ లైను మీద ఉందో చూసుకుంటూ పెదాలు కదిపేవాడు. సరిగ్గా పాటతో పాటే.

తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. పింక్ ఫ్లాయిడ్ 1979 నవంబర్ 30న విడుదల చేసిన డబుల్ ఆల్బమ్ ఇది, అంటే రెండు రికార్డులు, నాలుగు వైపులు. 26 పాటలు, సుమారు 81 నిమిషాలు. ప్రోగ్రెసివ్ రాక్ వాళ్లకి పాటలన్నిటినీ కలిపి ఒకే కథగా చెప్పడం సరదా. ఈ కథ పింక్ అనే రాక్ గాయకుడిది. తండ్రి యుద్ధంలో పోతాడు. తల్లి ఊపిరాడనివ్వని ప్రేమతో పెంచుతుంది. బడిలో మాస్టార్లు ఎగతాళి చేస్తారు. పెద్దయ్యాక భార్య దూరమవుతుంది. తగిలిన ప్రతి దెబ్బనీ ఒక ఇటుకగా పేర్చుకుంటూ పోతాడు. మొదటి రికార్డు అయిపోయేసరికి చుట్టూ గోడ పూర్తవుతుంది, లోపల అతనొక్కడే మిగులుతాడు.

ఆ వయసులో ఒంటరితనమంటే మాకు కాస్త మోజే. అది తెలివైనవాళ్లకి వచ్చే జబ్బు అనుకునేవాళ్లం. మెస్‌లో పదిమందితో కలిసి నవ్వుతూ తినేవాడికి పింక్ ఫ్లాయిడ్ అర్థం కాదని గురువు ఒక తీర్పు కూడా ఇచ్చాడు. నేను తలూపాను, ఆనక మెస్‌కి వెళ్లి పదిమందితో కలిసి నవ్వుతూ తిన్నాను.

ఆ క్యాసెట్ గురించి ఒక మాట చెప్పాలి. సి-90కి ఒక్కో వైపు 45 నిమిషాలు. ఆల్బమ్‌లో మొదటి రికార్డు 39 నిమిషాలే. అందుకని ఒక రికార్డు ఒక వైపు, రెండోది రెండో వైపు సరిపోయాయి గానీ, మొదటి వైపు చివర సుమారు ఆరు నిమిషాల ఖాళీ టేపు మిగిలిపోయింది. ఆ వైపు ఆఖరి పాట ‘గుడ్‌బై క్రూయల్ వరల్డ్’. నిమిషం చిల్లర. బేస్ గిటారు గుండె కొట్టుకున్నట్టు మోగుతూ ఉంటుంది, పింక్ లోకానికి వీడ్కోలు చెబుతాడు, ఎవరేం చెప్పినా మనసు మారదంటాడు, ఆఖరి ‘గుడ్‌బై’ దగ్గర శబ్దం కోసేసినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత ఆరు నిమిషాలు టేపు ‘సుస్’మంటూ తిరుగుతుంది. అది ఆటో రివర్స్ వాక్‌మన్, దాని మానాన వదిలేస్తే రెండో వైపుకి అదే మారుతుంది. నేను ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెడితే గురువు చెయ్యి పట్టుకునేవాడు. “ఇప్పుడేగా ఆఖరి ఇటుక పెట్టింది. కాసేపు లోపల కూర్చో.”

మొదట్లో నాకది పిచ్చిలా అనిపించేది. తర్వాత తర్వాత ఆ ‘సుస్’ కూడా ఆల్బమ్‌లో భాగమైపోయింది. చాలాకాలానికి 1980, 81ల్లో ఈ ఆల్బమ్‌ని స్టేజీ మీద ఎలా ఆడారో చదివాను. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, లండన్, జర్మనీలోని డోర్ట్‌మండ్, ఈ నాలుగు ఊళ్లలోనే ఆ ప్రదర్శనలు జరిగాయి. మొదటి సగంలో పాటలు నడుస్తుండగానే మనుషులు స్టేజీకి అడ్డంగా అట్టపెట్టెల ఇటుకలు పేర్చుకుంటూ వస్తారు. ‘గుడ్‌బై క్రూయల్ వరల్డ్’ పాడేటప్పుడు, బ్యాండ్‌లో పాటలు రాసి బేస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్ ముఖం కనబడేంత సందు ఒక్కటే ఉంటుంది, పాట అయ్యేసరికి దాన్నీ మూసేస్తారు. ఇంటర్వెల్. మళ్లీ మొదలైనప్పుడు బ్యాండ్ మొత్తం గోడ వెనకే ఉండి ‘హే యూ’ వాయిస్తుంది. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లకి కనబడేది ఉత్త గోడ. మా క్యాసెట్ ఆ ఇంటర్వెల్‌ని కూడా పట్టుకొచ్చిందన్నమాట. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ‘గుడ్‌బై’ అయిన మరుక్షణమే గిటారు అందుకుంటుంది. నాకు మాత్రం ఎవరో తలుపు తోసుకుని వచ్చేసినట్టుంటుంది.

అసలు గొడవ ఆ ‘హే యూ’ దగ్గరే వచ్చింది. క్యాసెట్‌లో రెండో వైపు మొదటి పాట అదే. నోట్‌బుక్‌లో మాత్రం అది చాలా వెనక ఉంది, ‘కంఫర్టబ్లీ నంబ్’ తర్వాత. పైగా ‘వాట్ షల్ వి డూ నౌ’ అని ఒక పేజీ నిండా లిరిక్స్ ఉన్నాయి, ఆ పాట క్యాసెట్‌లో ఎంత వెతికినా లేదు. “గురూ, నువ్వు నిద్రమత్తులో రాశావు” అన్నాను. అతనికి పౌరుషం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు దించానని ఒట్టేశాడు. రాత తప్పు కాదు, టేపు తప్పు కాదు, మరి ఏది తప్పు? చాలా రాత్రులు ఇదే వాదన. పక్క గదివాళ్లు గోడ మీద కొట్టేవాళ్లు. ఆ సందర్భానికి అంతకంటే తగిన శబ్దం ఉండదని మాకు తర్వాత తట్టి నవ్వుకున్నాం.

గురువు నోట్‌బుక్ వరసే అసలు వరస అని వాదించేవాడు. అతని లెక్క ఇదీ. ‘కంఫర్టబ్లీ నంబ్’లో పింక్‌కి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి స్టేజీ ఎక్కించడానికి సిద్ధం చేస్తాడు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది. అప్పుడు, ఇక బయటపడే దారి లేదని తేలిపోయాక, లోపలి మనిషి బయటివాళ్లని కేకేస్తాడు. ఆ పిలుపు మునిగిపోతున్నవాడిది. నాకు మాత్రం క్యాసెట్ వరసే నచ్చేది. గోడ కట్టడం పూర్తయింది, ఎవరూ నా మనసు మార్చలేరని ఢంకా బజాయించి చెప్పాడు, ఆరు నిమిషాలు గడిచాయి, అంతే, మొదలైంది: “హే యూ.” ఆరు నిమిషాలు కూడా ఆగలేకపోయాడు. నా దృష్టిలో ఒంటరితనం గురించి ఈ ఆల్బమ్ చెప్పిన మాటల్లో అన్నిటికంటే నిజమైనది ఆ వరసలోనే ఉంది.

దీని వెనక ఉన్న సంగతి చాలా తర్వాత బయటపడింది. రికార్డు తయారవుతున్న ఆఖరి రోజుల్లో సహనిర్మాత బాబ్ ఎజ్రిన్ మూడో వైపు, అంటే రెండో రికార్డు మొదటి వైపు, మళ్లీ విని, ఈ వరస కుదరడం లేదని వాటర్స్‌కి ఫోన్ చేశాడు. వాటర్స్ ఆలోచించి ‘హే యూ’ని వెనకనుంచి తెచ్చి ఆ వైపు మొదట్లో పెట్టాడు. ‘వాట్ షల్ వి డూ నౌ’ని నిడివి సరిపోక తీసేశారు. కవర్ల మీద లిరిక్స్‌ని మార్చే వ్యవధి మాత్రం లేకపోయింది, పాత వరసలోనే ఉండిపోయాయి. అంటే గురువూ కరెక్టే, క్యాసెట్టూ కరెక్టే. వాటర్స్ అప్పట్లో ఒక రేడియో ఇంటర్వ్యూలో దీని గురించి చెబుతూ, భావపరంగా ఆ పాట ఎక్కడైనా ఇమిడిపోతుందన్నాడు. మేము రాత్రుళ్లు నిద్ర మానుకుని కొట్టుకున్న విషయాన్ని ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

‘హే యూ’ మాటలు ఒకసారి దగ్గర్నించి చూడాలి. పిలుస్తున్నది గోడ లోపలున్నవాడు. ఎవర్ని పిలుస్తున్నాడు? బయట చలిలో, ఒంటరిగా, ముసలివాడవుతున్న ఎవరినో. టెలిఫోన్ పక్కన ఒంటి మీద బట్టల్లేకుండా కూర్చున్న ఎవరినో. గోడకి చెవి ఆనించి, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూస్తున్న ఎవరినో. ఈ చివరి లైను దగ్గర గురువు పేజీలో అండర్‌లైన్ గీశాడు, మొత్తం నోట్‌బుక్‌లో అదొక్కటే గీత. లోపలివాడు కేకేస్తున్నాడు, బయటివాడు చెవి ఒగ్గి ఉన్నాడు, మధ్యలో ఒకటే గోడ. ఇద్దరూ దానికి ఆనుకునే ఉన్నారు. ఒంటరితనం గురించి రాసేవాళ్లు మామూలుగా లోపలున్నవాడి మీదే లైటు వేస్తారు. వాటర్స్ ఇక్కడ గోడ అవతలివాడికీ అంతే ఒంటరితనం పంచాడు.

ఆ పాటలోనే ఇంకో చిత్రం. గిటారు సోలో తర్వాత గొంతు హఠాత్తుగా ‘నేను’ వదిలేసి ‘అతను’లోకి దిగిపోతుంది. అదంతా ఊహే, గోడ చాలా ఎత్తు, అతను ఎంత ప్రయత్నించినా బయటపడలేకపోయాడు, పురుగులు అతని మెదడు తినేశాయి అంటుంది. పాట మధ్యలో తన చావువార్త తనే చదివినట్టు. మళ్లీ వెంటనే ‘హే యూ’ అని పిలుపు. మొదటి రెండు చరణాలూ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నెమ్మదైన గొంతుతో పాడితే, మూడోది వాటర్స్ అరుస్తాడు. ఆశ లేదని మాత్రం చెప్పొద్దంటాడు. ఊహే అని తనకి తెలుసు, పిలవడం మానలేడు. ఈ పాట ఈ ఆల్బమ్ ఆధారంగా 1982లో వచ్చిన సినిమాలో లేకపోవడం గురువుకి జీవితకాలపు కోపం.

‘హే యూ’ తర్వాత వచ్చే పాట మొత్తానికి ఉన్నది ఒకే ప్రశ్న. బయట ఎవరైనా ఉన్నారా? అదే లైను నాలుగుసార్లు, తర్వాత మాటల్లేని క్లాసికల్ గిటారు. కొన్ని పాటల తర్వాత ‘కంఫర్టబ్లీ నంబ్’ మొదలవుతుంది. అందులో డాక్టర్ తలుపు దగ్గర నిలబడి అడిగే మొదటి మాట, లోపల ఎవరైనా ఉన్నారా అని! నా చదువు సంధ్యల మాటెలా ఉన్నా, ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి జవాబులని కనిపెట్టింది నేనే, గురువు కాదు. ఒకే వైపు, పది నిమిషాలు కూడా తేడా లేకుండా. ఒకడు లోపలినుంచి అడిగాడు, అప్పుడు బయట ఎవరూ లేరు. ఇంకొకడు బయటినుంచి అడిగాడు, అప్పటికి లోపలివాడు పలికే స్థితిలో లేడు. టైమింగు కుదరలేదు, అంతే. చెప్పగానే గురువు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “రాసిపెట్టుకో ఎక్కడైనా” అన్నాడు. అతని నోట్లోంచి నాకు దక్కిన పెద్ద సర్టిఫికెట్ అదే.

‘కంఫర్టబ్లీ నంబ్’ వెనక అసలు సంఘటన ఒకటుంది. 1977 టూర్‌లో ఫిలడెల్ఫియాలో షోకి ముందు వాటర్స్‌కి కడుపునొప్పి వస్తే డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. చేతులు ఎత్తలేని స్థితిలోనే రెండు గంటలు వాయించాడు. ఎదురుగా వేలమంది చప్పట్లు. ఎవరికీ ఏమీ తెలియలేదు. పాటలో డాక్టర్ మాటలు వాటర్స్ పాడితే, పింక్ మాటలు గిల్మోర్ పాడతాడు. నొప్పి లేదు, నువ్వు దూరమవుతున్నావు, పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినబడటం లేదు. మధ్యలో చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు చేతులు బెలూన్లలా అనిపించాయని ఒక జ్ఞాపకం. వినేవాళ్లు చాలామంది ఆ రెండో గిటారు సోలో కోసం ఆగుతారు, నేనూ ఆగుతాను. కానీ నన్ను పట్టుకున్నది ఆ జ్వరం లైను. ఒంటరితనం గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే, పింక్ దగ్గర ఉన్నది ఆ చిన్నప్పటి జ్వరం ఒక్కటే. అంతకంటే దగ్గరి మాట అతనికి దొరకలేదు.

టెలిఫోన్ల సంగతి వేరే. ఈ ఆల్బమ్‌లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ఒక్కటీ సరిగ్గా కలవదు. ‘యంగ్ లస్ట్’ చివర అమెరికానుంచి పింక్ ఇంటికి కాల్ చేస్తాడు, అవతల ఎవడో మగవాడు ఎత్తి పెట్టేస్తాడు. ఆ ఆపరేటర్ గొంతు నిజం ఆపరేటర్‌దే. రికార్డింగ్ జరుగుతోందని ఆమెకి తెలియదు. లండన్‌లో ఉన్న తెలిసినవాడికి ముందే చెప్పిపెట్టి, కాల్ రాగానే ఎత్తి పెట్టేయించారు. ఎవరో మగమనిషి ఎత్తుతున్నాడండీ అని ఆమె చెప్పే తీరులో ఉన్న ఇబ్బంది నటన కాదు. ఒక పరాయి మనిషి కాపురం కూలుతోందని నమ్మి ఆమె నిజంగానే కంగారుపడింది. పింక్ మీద ఆల్బమ్ మొత్తంలో జాలి చూపించింది ఆ అమ్మాయి ఒక్కతే అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

‘నోబడీ హోమ్’ గురించి రాయమంటే ఒక పుస్తకం రాస్తాను. ఒంటరితనం అనే మాట ఎత్తకుండా ఒక గదిలోని సామాను లెక్క చదివితే చాలని అక్కడే నేర్చుకున్నాను. కవితలు రాసుకున్న చిన్న నల్ల పుస్తకం, సంచిలో టూత్‌బ్రష్, దువ్వెన. బూట్లు ఊడిపోకుండా రబ్బరు బ్యాండ్లు. వేళ్లకి సిగరెట్ మరకలు. టీవీలో పదమూడు చానెళ్లు, అన్నిట్లోనూ చెత్తే. వెనకాల నిజంగానే టీవీ మాటలు వినబడుతుంటాయి. ఎగరాలని గట్టి కోరిక ఉంది, ఎగిరి వెళ్లడానికి చోటు లేదు. ఇంత జాబితా అయ్యాక, నీకు ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ ఉండరని నాకు తెలుసు అంటాడు. రబ్బరు బ్యాండ్ల వివరం బ్యాండ్ పాత గాయకుడు సిడ్ బారెట్‌దని అభిమానులు చాలాకాలంగా చెప్పుకుంటారు. 1968లో మతిస్థిమితం తప్పి బ్యాండ్‌కి దూరమైన మనిషి. ఈ ఆల్బమ్‌లోనే ‘ఎంప్టీ స్పేసెస్’ అనే పాటలో తిరగేసి రికార్డు చేసిన ఒక రహస్య సందేశం ఉంది. దాన్ని వెనక్కి తిప్పి వింటే, రహస్యం కనిపెట్టినందుకు అభినందనలు, జవాబు ఫలానా పిచ్చాసుపత్రిలో ఉన్న ముసలి పింక్‌కి పంపండి అంటుంది. అడ్రస్ పూర్తిగా చెప్పేలోపే ఎవరో, రోజర్, ఫోన్ అని కేకేస్తారు. ఉత్తరం సగంలో ఆగిపోతుంది. జోకే అది. గురువు క్యాసెట్ విప్పి, టేపు తిరగేసి అతికించి వినాలని చూశాడు. ఒక మంచి క్యాసెట్ పాడైంది, సందేశం వినబడలేదు. అదృష్టం కొద్దీ అది ‘ద వాల్’ కాపీకి కాపీ.

ఇంత ఒంటరితనం ఎక్కడినుంచి పుట్టిందని అడిగితే అందరూ 1977 జూలై 6 చెబుతారు. మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో, ముందు వరసలో అల్లరి చేస్తున్న ఒక అభిమాని ముఖాన వాటర్స్ ఉమ్మేశాడు. ఆ తర్వాత తనకే భయమేసింది. నాకూ వీళ్లకీ మధ్య నిజంగానే గోడ ఉంది, దాన్ని కట్టి చూపిస్తే పోలా అనే ఆలోచన అక్కణ్ణించే మొదలైందని తనే చాలాసార్లు చెప్పాడు. నిజమే, కానీ నా లెక్కలో పునాది 1944 ఫిబ్రవరి. వాటర్స్ తండ్రి ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. పిల్లాడికి అయిదు నెలలు. ‘వెరా’ అనే చిన్న పాట ఉంది, యుద్ధకాలంలో మళ్లీ కలుద్దాం అని పాడిన వెరా లిన్ ఎవరికైనా గుర్తుందా అని అడుగుతుంది. ఆమె పాట నమ్మినవాళ్లలో చాలామంది మళ్లీ కలవలేదు. ఈ ఒంటరితనం పింక్ సంపాదించుకున్నది కాదు, వాళ్ల నాన్న వదిలివెళ్లింది. గురువు కూడా చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆ పాట దగ్గర ఎప్పుడూ ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఆ వయసులో మగపిల్లలు ఆల్బమ్ గురించి తెల్లవార్లూ మాట్లాడుకుంటారు, దాని గురించి మాత్రం మాట్లాడుకోరు.

నాలుగో వైపు నాకు అప్పట్లో నచ్చేది కాదు. మొద్దుబారిన పింక్ స్టేజీ ఎక్కి నియంతలా మారి, గుంపులో ఫలానా రంగువాణ్ణి, ఫలానా మతంవాణ్ణి బయటికి లాగమంటాడు. ఇంత దిగులుపాటల మధ్య ఈ గోలేమిటని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు వింటే ఆల్బమ్‌లో ఎక్కువ ముందుచూపు ఉన్నది అక్కడే అనిపిస్తుంది. ఒక్క మనిషితో మాట కలపలేనివాడికి గుంపు దొరికితే ఏమవుతుందో వాటర్స్ మొహమాటం లేకుండా చూపించాడు. ఒంటరివాడు మంచివాడే అయ్యుంటాడని పూచీ ఏమీ లేదు.

‘ద ట్రయల్’లో పింక్ తన మెదడులోనే కోర్టు పెట్టుకుంటాడు. మాస్టారు, భార్య, తల్లి వచ్చి సాక్ష్యం చెబుతారు, చివర జడ్జి తీర్పిస్తాడు. గోడ కూల్చి, ఇతన్ని అందరిముందూ నిలబెట్టండి. శిక్షేమిటంటే నలుగురికీ కనబడటం! ఇందులో ఒక సంగతి ఎన్నోసార్లు విన్నాక గానీ నా చెవికెక్కలేదు. ఆ పాత్రలందరి గొంతులూ వాటర్స్‌వే. గొంతు మార్చి మాస్టారవుతాడు, కీచుగా భార్యవుతాడు, జాగ్రత్తలు చెప్పే తల్లవుతాడు. ఏళ్ల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోతే చివరికి అందరూ మన గొంతుతోనే మాట్లాడతారు. వాళ్లు నిజంగా ఏమన్నారో, ఏమనుకున్నారో తెలిసే దారి ఉండదు.

హాస్టల్ తర్వాత ఎవరి దారి వాళ్లం పట్టాం. కొన్నాళ్లు ఉత్తరాలు, తర్వాత ఫోన్లు. తర్వాత గురువు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉద్యోగం వదిలేశాడని ఒకరు, ఊరు మారాడని ఒకరు, పలకరిస్తే తప్పుకుంటున్నాడని ఇంకొకరు. నేను పండగలకీ పుట్టినరోజుకీ చేసేవాణ్ణి. మోగేది, మోగి మోగి ఆగిపోయేది. మొదట కంగారు, తర్వాత దిగులు, నిజం చెప్పాలంటే తర్వాత కోపం. ఇంత మర్యాద కూడా లేదా అనుకున్నాను. ఆ రోజుల్లో ఒకసారి ‘అవుట్‌సైడ్ ద వాల్’ కొత్తగా వినబడింది. ఆల్బమ్‌లో ఆఖరి పాట, రెండు నిమిషాలు కూడా ఉండదు. గోడ కూలిన హోరంతా అయ్యాక కాన్సర్టీనా, క్లారినెట్, పల్లెటూరి బ్యాండు వెళ్లిపోతున్నట్టు. నిన్ను నిజంగా ప్రేమించేవాళ్లు ఒంటరిగానో, ఇద్దరిద్దరుగానో గోడ బయట అటూ ఇటూ తిరుగుతుంటారు అంటుంది. వాళ్లు ఇవ్వగలిగినదంతా ఇచ్చాక, కొందరు తూలుతారు, కొందరు పడిపోతారు. ఎవడో పిచ్చోడి గోడకేసి గుండె బాదుకోవడం తేలిక కాదు కదా అని ముగిస్తుంది.

ఎనభై నిమిషాలు లోపలివాడి బాధ విన్నాక, మొదటిసారి బయటివాళ్ల వైపు తిరిగి, మీకూ కష్టమేనమ్మా అంటుందా పాట. అక్కడే వాటర్స్ గొంతుకి వెనకనుంచి వేరే గొంతులు వచ్చి కలుస్తాయి. హాస్టల్లో మేము దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ‘ద ట్రయల్’ అవగానే హెడ్‌ఫోన్ తీసేసేవాళ్లం. మేమిద్దరం లోపలివాళ్లమని అనుకున్నాం కాబట్టి బయటివాళ్ల పాటతో మాకు పనిలేకపోయింది. ఇప్పుడు ఫోన్ పట్టుకుని, అవతల మోగుతుంటే వింటున్నవాణ్ణి నేను. గోడకి చెవి ఆనించినవాడు అని గురువు గీత గీసిన లైను ఉందే, అది నేనే అయ్యాను. గీసినవాడు లోపల ఉన్నాడు.

చాలా ఏళ్లకి ఒక ఆదివారం గురువే ఫోన్ చేశాడు. ఎక్కడున్నావు, ఏమైపోయావు అని నేను అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాత విడతలు విడతలుగా చెప్పాడు, అది అతని సొంత విషయం. ఆ రోజు మాత్రం గొంతు వినబడగానే అన్న మాట, “ఒరేయ్, ‘హే యూ’ ముందే ఉండాలిరా. నువ్వే కరెక్టు.” ఎన్నేళ్ల వాదన! నేను వెంటనే ఎదురు తిరిగి నోట్‌బుక్ వరసని సమర్థించాను. ఊరికే ఒప్పేసుకుంటే మాటలు అయిపోతాయని భయం.

ఈ మధ్య మా వాదన తల్లి పాత్ర మీదికి వచ్చింది. ‘మదర్’ పాటలో గోడ కట్టడానికి సాయం చేస్తానన్నది ఆవిడే కదా, అసలు మేస్త్రీ ఆవిడే అంటాను నేను. గురువు ఒప్పుకోడు. “ట్రయల్‌లో ఎవరేం అడిగారో చూడు. మాస్టారు శిక్షించమన్నాడు. పెళ్లాం లోపలే ఉంచి తాళంచెవి పారేయమంది. వాణ్ణి ఇంటికి తీసుకెళ్తానన్నది వాళ్లమ్మొక్కతే” అన్నాడు. అతను కనబడకుండా పోయిన ఆ కాలమంతా వాళ్లమ్మగారు రోజూ తలుపు బయట పళ్లెం పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోయేవారట. ఆ సంగతి అప్పుడే చెప్పాడు, మాటల మధ్యలో, ఆల్బమ్ గురించి చెబుతున్నట్టే.

నేను మాత్రం భార్య పక్షం వదలలేదు. ఆ పాటలో ఆమె ఇంకోమాట కూడా అంటుంది, నువ్వు నాతో ఇంకాస్త ఎక్కువ మాట్లాడాల్సింది అని. వాటర్స్ ఆమె గొంతుని ఎంత కీచుగా చేసినా ఆ ఫిర్యాదులో తప్పు పట్టడానికేముంది? అదే అన్నాను. “పెళ్లయినవాడివి, అలాగే అంటావులే” అన్నాడు గురువు. ఫోన్ స్పీకర్ మీద ఉందని, మా ఆవిడ పక్కనే కూర్చుందని అతనికి తెలియదు. “అన్నయ్యగారూ, ఒక్క నిమిషం, అదెలా తప్పవుతుందో నాక్కాస్త చెప్పండి” అని ఆమె అందుకుంది. అక్కణ్ణించి అరగంట వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, నన్నెవరూ మధ్యలో దూరనివ్వలేదు.